“ఎదురుకాల్పులు” అని ఎప్పుడు రాయాలి?

ప్రశ్న: ఎన్‌కౌంటర్‌కు పత్రికల్లో ‘ఎదురుకాల్పులు’ అని కనిపిస్తుంది. తెలుగు మాటే కదా అని వాడబోతే మనసు ఒప్పడం లేదు. రెండూ ఒకటేనా?

జవాబు: ఒకటి కాదండీ. ఎదురుదాడి, ఎదురుదెబ్బ, ఎదురుప్రశ్న చూడండి. అవతలివాళ్లు ముందు ఏదో చేస్తేనే ఆ ‘ఎదురు’ వస్తుంది. ‘ఎదురుకాల్పుల్లో మృతి’ అని రాశామంటే చనిపోయినవాళ్లూ తుపాకీ పేల్చారని మనమే తేల్చేసినట్టు.

2015 ఏప్రిల్ మొదటి వారం గుర్తు చేసుకోండి. 4న అప్పటి నల్గొండ జిల్లా జానకీపురం దగ్గర ఇద్దరు ఉగ్రవాద అనుమానితులు చనిపోయారు, ఒక కానిస్టేబుల్ కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు. రెండు వైపుల నుంచీ కాల్పులు జరిగాయి, కాబట్టి అక్కడ ఆ మాట సరిపోతుంది. మూడు రోజులకే, 7న, అదే జిల్లా ఆలేరు దగ్గర వికారుద్దీన్, మరో నలుగురు చనిపోయారు. వాళ్లు విచారణ ఖైదీలు. వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు పోలీసు వ్యానులో తీసుకెళ్తున్నారు. తుపాకీ లాక్కోబోయారు, అందుకే కాల్చాం అన్నారు పోలీసులు. తర్వాత బయటికొచ్చిన ఫొటోల్లో శవాల చేతులకు బేడీలున్నాయి. పోలీసులు చెప్పిందే పూర్తిగా నమ్మినా, లాక్కోబోవడం కాల్పులెలా అవుతుంది? దానికి ‘పోలీసు కాల్పుల్లో మృతి’ అనే రాయాలి. వాళ్ల మీద ఉన్నవాటిలో పోలీసులను చంపారన్న కేసులున్నాయి, చిన్నవేం కావు. అయినా తీర్పు రాలేదు. తీర్పు రాకుండానే ‘ఉగ్రవాదుల హతం’ అని రాసేస్తే ఇక కోర్టు ఎందుకు?

మరో జవాబు: నామవాచకాలతో ఆగకండి, క్రియలు కూడా చూడండి. పోలీసులు ‘వెల్లడించారు’, చనిపోయినవాళ్ల తల్లిదండ్రులు ‘ఆరోపించారు’. వెల్లడించడమంటే దాగి ఉన్న నిజాన్ని బయటపెట్టడం. అంటే పోలీసుల మాట నిజం, తల్లి మాట అనుమానం అని పాఠకుడికి ముందే చెప్పేస్తున్నాం. జర్నలిజం పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను ఇద్దరికీ ‘చెప్పారు’ అనే రాయిస్తాను. ‘మట్టుబెట్టారు’ అసలు రాయనివ్వను. అది వార్త రాసేవాళ్లు వాడాల్సిన మాట కాదు.

ప్రశ్న అడిగినవారు: మరి ‘బూటకపు ఎన్‌కౌంటర్’?

మొదటి జవాబు రాసినవారు: విచారణలో తేలాక రాయండి. అంతవరకు అది కూడా ఒక పక్షం మాటే, ఎవరన్నారో పేరు పెట్టి రాయాలి. ఎన్‌కౌంటర్ మరణాలపై ఎఫ్‌ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు ఉండాలని సుప్రీంకోర్టు 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ ఎఫ్‌ఐఆర్‌లో ఏముందో అడిగి, అది కూడా వార్తలో రాయండి.