'గేమ్ ఓవర్'కు 'ఒడిసింది' అనొచ్చా?

ప్రశ్న: పాత స్పేస్ షూటర్ వీడియో గేమ్‌ల మీద వ్యాసం రాస్తున్నాను. 'గేమ్ ఓవర్'కు 'ఆట ముగిసింది' అని పెడితే మరీ పుస్తకాల భాషలా ఉంది. వరంగల్ వైపు పిల్లలు ఏమనేవాళ్లు?

జవాబు: 'ఒడిసింది' అని రాయండి అన్నా. హన్మకొండలో మేం అదే అనేవాళ్లం. ఓడిపోవడం వేరు, ఒడవడం వేరు. ఒడవడమంటే ఉన్నదంతా అయిపోవడం. బియ్యం ఒడిసినయ్, పైసలు ఒడిసినయ్, పెండ్లి ఒడిసింది అంటాం కదా. ఈ రకం ఆటలకు ఇంతకన్నా అతికే మాట నాకు కనబడలేదు.

1985లో జపాన్ కంపెనీ కొనామి తెచ్చిన స్పేస్ షూటర్ గ్రేడియస్‌నే చూడండి. తెర దానంతటదే జరిగిపోతుంటుంది, మనం ఆపలేం. క్యాప్సూల్ దొరికినప్పుడల్లా కింది పట్టీలో వెలుగు ఒక్కో గడి ముందుకు పోతుంది: స్పీడ్, మిసైల్, డబుల్, లేజర్, ఆప్షన్... కావాల్సిన గడి వెలిగినప్పుడు బటన్ నొక్కితే ఆ శక్తి మన షిప్పుకు వస్తుంది. ఇప్పుడే మిసైల్ తీసుకోవాలా, లేజర్ దాకా ఆగాలా? సగం టెన్షన్ అక్కడే. షీల్డ్ లేకుండా ఒక్క గుండు తగిలిందా, షిప్పుతో పాటు కూడబెట్టినవన్నీ పోతాయి. కొంత వెనక్కి పోయి వట్టి షిప్పుతో మళ్లీ మొదలుపెట్టాలి.

అసలు సంగతి చివర్లో ఉంది. ఆఖరి దశ దాటినా ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే మెషిన్) గ్రేడియస్ ఆగదు, మొదటి దశ నుంచి ఇంకింత కష్టంగా మళ్లీ వస్తుంది. అంటే ఆట ఒడవదు, మన లైఫ్‌లే ఒడుస్తయ్! 'ముగిసింది' అంటే ఈ తేడా పట్టుబడదు. నోకియా 3310లోని స్పేస్ ఇంపాక్ట్ సంగతి వేరు, ఎనిమిది దశలే కాబట్టి దాన్ని 'ఒడగొట్టిన' అని చెప్పుకోవచ్చు.

కరీంనగర్ నుంచి ఒకరు: మాట బాగుంది కానీ, కోస్తా పాఠకులు 'ఓడింది' అనుకోరా?

జవాబు: అనుకోవచ్చు అక్కా. అందుకే మొదట 'లైఫ్‌లన్నీ ఒడిసినయ్' అని రాస్తే సందర్భంలోనే అర్థమైపోతుంది. ఆ తర్వాత 'ఆట ఒడిసింది' అన్నా ఎవరూ తడబడరు. ప్రూఫ్ చూసేటప్పుడు మాత్రం 'ఒ'కు దీర్ఘం పడకుండా చూసుకోవాలి.