హాఫ్ టన్ (ఎఫ్-150 తరగతి) పికప్‌తో 7,600 పౌండ్ల ట్రైలర్ లాగొచ్చా, లేక పెద్ద ట్రక్కు కొనాల్సిందేనా?

ప్లేనో నివాసి:
వేసవి సెలవులకి డాలస్ నుంచి కొలరాడో వెళ్దామని ట్రావెల్ ట్రైలర్ చూస్తున్నాం. ఖాళీ బరువు 5,800 పౌండ్లు, సామానుతో కలిపి గరిష్ఠంగా 7,600. నేను, మా ఆవిడ, అమ్మ, ఇద్దరు పిల్లలు వెళ్తాం. మా ఫోర్డ్ ఎఫ్-150 పికప్ 11,000 పౌండ్లకి పైగా లాగగలదని బ్రోషర్లో ఉంది. ట్రైలర్ అమ్మే అతను "ఏం ఆలోచించకండి, లాగేస్తుంది" అంటున్నాడు. ఆఫీసులో ఒకాయన మాత్రం దానికంటే పెద్దదైన ఎఫ్-250 లేకుండా పిల్లల్ని ఎక్కించొద్దని గట్టిగా చెప్పారు. ఎవరి మాట వినాలి?

కరీంనగర్ టు కేటీ:
అన్నా, హాయిగా వెళ్ళిరండి. ఆ నంబర్ ఊరికే వేసింది కాదు. 2015 మోడల్స్ నుంచి పెద్ద కంపెనీలన్నీ ఎస్ఏఈ (వాహన ఇంజనీర్ల సంఘం) వారి జే2807 అనే ఒకే పరీక్ష పాటిస్తున్నాయి. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి ఘాట్ రోడ్డు మీద, ఎండలో, ఏసీ ఫుల్లుగా పెట్టి, స్పీడ్ 40 మైళ్ళకి తగ్గకుండా దాదాపు 11 మైళ్ళు ఎక్కాలి. 11,000కి అది పాసైన బండికి 7,600 ఒక లెక్కా? టర్బో ఇంజన్ అయితే కొలరాడో ఎత్తులో కూడా పెద్దగా నీరసపడదు. బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకుల్ని ట్రక్కులోంచి వేసే పరికరం), వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బరువును చక్రాలన్నిటికీ పంచే కొక్కెం) పెట్టించుకోండి, చాలు.

ఉయ్యూరు ట్రక్కర్:
ఆ పరీక్షలో బండిలో కూర్చున్నట్టు లెక్కగట్టేది ఇద్దర్నే, అదీ మనిషికి 150 పౌండ్ల చొప్పున. అమ్మ లేదు, పిల్లలు లేరు, వెనక కూలర్ లేదు, సైకిళ్ళు లేవు. ఇంజన్ లాగుతుందా లేదా అన్నది ఇక్కడ సమస్యే కాదు. డ్రైవర్ డోర్ తెరవండి, పిల్లర్ మీద పసుపు స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంత మించకూడదో అందులో రాసి ఉంటుంది. ఆ నంబర్ చెప్పండి, మిగతాది మాట్లాడుకుందాం.

ప్లేనో నివాసి:
ఇప్పుడే చూసొచ్చాను. 1,483 పౌండ్లు.

ఉయ్యూరు ట్రక్కర్:
అయితే లెక్క వేద్దాం. ట్రావెల్ ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బంతి (ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే చోటు) మీద పడాలి, అదీ స్టిక్కర్ లెక్కలోకే వస్తుంది. నిండా నింపిన 7,600కి 13 శాతం అంటే 988. మీ ఐదుగురూ దాదాపు 500 అనుకుందాం. హిచ్ సెట్ ఇంకో 90. మొత్తం 1,578. ట్రక్కులో ఒక్క బ్యాగు కూడా పెట్టకముందే 95 పౌండ్లు ఎక్కువైంది. లాగే నంబర్లో దాదాపు మూడో వంతు మిగిలినట్టు అనిపిస్తుంది కానీ, అంతకు చాలా ముందే పేలోడ్ (ఆ స్టిక్కర్ మీది పరిమితి) అయిపోతుంది. అమ్మేవాళ్ళు ఈ స్టిక్కర్ ఊసే ఎత్తరు, నాకు కోపం వచ్చేది అక్కడే.

ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్లు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. వెనక బరువు ఎక్కువైతే ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. పికప్‌లో అంతలా లేవకపోవచ్చు, కానీ ముందు టైర్లకి పట్టు తగ్గేది అలాగే.

కరీంనగర్ టు కేటీ:
వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఉన్నది అందుకే కదా అన్నా? కొంత బరువు ముందు చక్రాలకీ, కొంత ట్రైలర్ చక్రాలకీ పంపిస్తుంది. ఇంకా కావాలంటే నీళ్ళు, బరువైన సామాను ట్రైలర్ వెనక భాగంలో పెడితే హిచ్ మీద బరువు తగ్గిపోతుంది. 95 పౌండ్ల కోసం 80 వేల డాలర్ల ట్రక్కు కొనమంటారా?

ఉయ్యూరు ట్రక్కర్:
తమ్ముడూ, ఆ చివరి సలహా మాత్రం దయచేసి ఎవరూ పాటించొద్దు. హిచ్ మీద బరువు 10 శాతం కన్నా తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. వీళ్ళు వెళ్ళే దారి డాలస్ నుంచి అమరిల్లో, 287 హైవే మీదుగా. ఆ పాన్‌హ్యాండిల్ (టెక్సస్ ఉత్తర కొస) గాలి ఎలా ఉంటుందో అటు వెళ్ళినవాళ్ళకి తెలుసు. పక్క నుంచి గాలి కొడుతుంటే, ఒక సెమీ (పెద్ద లారీ) ఓవర్‌టేక్ చేస్తే, వెనక బరువున్న ట్రైలర్ ట్రక్కునే ఊపేస్తుంది. అలా ఊగితే ట్రక్కు బ్రేక్ తొక్కకూడదు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పకూడదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, కంట్రోలర్ మీద చేత్తో ట్రైలర్ బ్రేక్ మాత్రమే వెయ్యాలి. ఆ బటన్ ఎక్కడుందో మీ ఆవిడకి కూడా చూపించండి.

ఇక హిచ్ సంగతి. నువ్వన్నది నిజమే, కొంత బరువు ట్రైలర్ ఇరుసుల మీదకి వెళ్తుంది. కానీ అది స్టిక్కర్ మీది నంబర్ని పెంచదు.

ఆస్టిన్ అక్క:
ఒక మాట. 250 కొంటే పేలోడ్ బెంగ తీరిపోతుందని అందరూ అనుకుంటారు. డీజిల్ ఇంజనే బాగా బరువు. ఫోర్ వీల్ డ్రైవ్, ఖరీదైన ట్రిమ్ (హంగులున్న మోడల్) కలిస్తే కొన్ని 250ల స్టిక్కర్ కూడా 2,500 దాటదు. ఖాళీగా నడిపితే గతుకుల్లో నడుం పట్టేస్తుంది, చాలామంది గరాజ్‌లో పట్టదు కూడా. ఏడాదికి రెండు ట్రిప్పుల కోసం ట్రక్కు మార్చే బదులు ట్రైలర్‌నే మార్చుకోవచ్చుగా?

ప్లేనో నివాసి:
అక్కయ్య గారు చెప్పింది మా ఆవిడకి నచ్చింది. గరిష్ఠ బరువు 5,000 పౌండ్ల ట్రైలర్ ఒకటి చూశాం, బంక్ బెడ్లు కూడా ఉన్నాయి. దానికైతే?

ఉయ్యూరు ట్రక్కర్:
13 శాతం అంటే 650. మీ 500, హిచ్ 90. మొత్తం 1,240. కూలర్, పనిముట్లకి 240 పౌండ్లు మిగులుతాయి. కొలరాడో సరిహద్దులోని రటోన్ పాస్ కనుమ 7,800 అడుగులు దాటుతుంది, దిగేటప్పుడు టో హాల్ మోడ్‌లో (బరువు లాగేటప్పటి గేర్ సెట్టింగ్) చిన్న గేర్లో దిగండి, బ్రేక్ మీదే కాలు పెట్టి కూర్చోవద్దు. మొదటి ట్రిప్పుకి అంతా నింపాక, అమ్మతో సహా అందరూ ఎక్కాక, ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (లారీల కాటా) మీద తూకం వేయించండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ విడివిడిగా చూపిస్తుంది. ఆ స్లిప్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.

కరీంనగర్ టు కేటీ:
5,000కి నాకూ అభ్యంతరం లేదు. 7,600 కూడా లాగుతుందనే ఇప్పటికీ అంటాను, కానీ వెనక బరువు పెట్టమన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నా.