‘ఒడ్డు’న పడ్డవాడు మళ్ళీ ఎందుకు ‘ఒడ్డు’తాడు?

ప్రశ్న: గట్టు అనే ఒడ్డు, పందెం కాయడమనే ఒడ్డు రెండూ ఒకే మాటేనా? పేకాటలో లాభం మీదున్నవాణ్ణి ‘ఒడ్డున పడ్డావు, ఇక లే’ అంటే రెండూ కలిసిపోయినట్టుంది.

జవాబు: గట్టు నామవాచకమండీ. పందెపు ‘ఒడ్డు’ ప్రధానంగా క్రియ. వల ఒడ్డాడు, ఎదురొడ్డాడు, ప్రాణాలొడ్డాడు: అన్నిట్లోనూ ఉన్నదాన్ని ఎదుట పెట్టడమే. పందెం సొమ్మునీ ఒడ్డు అనేవారు, ఇప్పుడా చోటు పణం తీసుకుంది. ధాతువు ఒకటేనని మాత్రం నేను పందెం కాయను.

మరో జవాబు: సభాపర్వంలో ధర్మరాజుది అక్షరాలా ఇదే కథ. ఓడిందంతా ధృతరాష్ట్రుడు తిరిగిచ్చేశాడు, అంటే ఒడ్డున పడ్డాడు. దారిలో పిలుపు రాగానే వెనక్కి తిరిగి ఒకే పందెంతో 12 ఏళ్ళ అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం తెచ్చుకున్నాడు. ‘ఓడు’ అక్కడ సకర్మకం: ముందు తన్ను ఓడి నన్ను ఓడాడా అని ద్రౌపది ప్రశ్న. మనం ‘పొలం ఓడాడు’ అనం, ‘పోగొట్టుకున్నాడు’ అంటాం. ఆ మాటలోంచి ఆటే తప్పుకుంది.

ఇంకొకరు: ‘ఇక లే’ అన్నది ఎందుకు చెవికెక్కదో లెక్క చూడండి. రూలెట్ అంటే అంకెల గళ్ళున్న చక్రం తిప్పి, గోళీ ఏ గడిలో పడుతుందోనని పందెం కాసే ఆట. ఒకే సున్నా ఉన్న రూలెట్‌లో 37 గళ్ళు, ఎరుపువి 18. ఎరుపు మీద 100 ఒడ్డితే సగటున 2 రూపాయల 70 పైసలు పోతాయి. వెయ్యిని 1,500 చేసినవాడు ఇంకో 200 సార్లు వంద చొప్పున ఒడ్డితే మొత్తం 20,000, సగటు నష్టం 540. వచ్చిన 500 పోగా అసల్లోంచి 40. చేతిలో కనపడేది 1,500, చక్రం కోత కోసేది 20,000 మీద.

ఎంత వస్తే లేవాలో కూర్చునే ముందే అనుకున్నా, ఆ అంకె పక్కకి జరుగుతూ పోతుంది. 1,800 తాకి 1,500కి దిగినవాడు ‘300 పోయింది’ అంటాడు, ‘500 వచ్చింది’ అనడు. ఆ 300 కోసమే మళ్ళీ ఒడ్డుతాడు. పదమూడు ముక్కల రమ్మీలో మామూలుగా మొదటే డ్రాప్ అయితే, అంటే ముక్కలు వదిలేస్తే, 20 పాయింట్ల నష్టం, మధ్యలో అయితే 40, చివరిదాకా ఉండి ఓడితే ఎక్కువలో ఎక్కువ 80 (పూర్తి కౌంటు). చేతిలో ముక్కలు వదలడానికి మాటా ధరా ఉన్నాయి, బల్ల వదలడానికి రెండూ లేవు.

ప్రశ్న అడిగినవారు: మరి లాభంతో లేవడానికి ఒక్క మాట? ‘లేచిపోయాడు’ అంటే అర్థం వేరే అయిపోతుంది. ‘ఆట కట్టు’ అంటే ఓడినట్టే.

జవాబు: ‘లేచాడు’ చాలండీ. ‘ఎంతతో లేచాడు?’ అని అడిగితే అంకె చెబుతారు.