పాత డెస్క్‌టాప్ ఒక్క నొక్కుకు లేవట్లేదు: ఎస్‌ఎంపీఎస్సా (కరెంటు సరఫరా చేసే పెట్టె), మదర్‌బోర్డా?

పాతపెట్టె: పదేళ్లు దాటిన సిస్టమ్. పొద్దున బటన్ నొక్కితే ఫ్యాన్ కొంచెం కదిలి ఆగిపోతుంది. నొక్కగా నొక్కగా ఎప్పటికో లేస్తుంది. లేచాక రాత్రి దాకా ఏ గొడవా ఉండదు, రీస్టార్ట్ కూడా అవుతుంది. తేదీ మాత్రం రోజూ తప్పే. ఏం మార్చాలి?

గుండుసూది: తేదీ పోతోందంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. సీఆర్ 2032 వేయండి.

స్క్రూడ్రైవర్: బ్యాటరీ అయిపోతే సాధారణంగా తేదీ, బయోస్ (సిస్టమ్‌ను లేపే తొలి ప్రోగ్రామ్) సెట్టింగులు పోతాయి, అంతే. ఫ్యాన్ కదిలి ఆగడానికి కారణం వేరే ఉంటుంది. చల్లగా ఉంటే మొరాయించి, వేడెక్కాక మామూలుగా నడుస్తోందంటే ఎస్‌ఎంపీఎస్‌లో కెపాసిటర్లు (కరెంటు నిల్వ ఉంచి నిలకడగా ఇచ్చే భాగాలు) ఎండిపోతున్నట్టు. అలాంటివి చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఎస్‌ఎంపీఎస్ మార్చేయండి.

గుండుసూది: మా సిస్టమ్ బ్యాటరీ మార్చాకే లేచింది మరి.

నిదానం: మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బినా ఇదే వరస కదండీ. కొలవకుండా మార్చేయమంటే ఎలా? ప్లగ్ పెట్టి, బటన్ నొక్కకముందే ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఊదా తీగ మీద 5 వోల్టులు ఉండాలి. ఆన్ అయ్యాక పసుపు తీగ 11.4 నుంచి 12.6 లోపు, ఎరుపు 4.75 నుంచి 5.25 లోపు.

స్క్రూడ్రైవర్: మీటర్‌లో 12 కనిపించినా రిపుల్ (వోల్టేజీలో సన్నటి ఎగుడుదిగుడు) ఎంతుందో అది చెప్పదు. కొలతలన్నీ బాగున్నా లేవని సిస్టమ్‌లు బోలెడు చూశాను.

నిదానం: మీలాంటి ఒకాయన చేతిలోనే నా సిస్టమ్ పెట్టాను. ర్యామ్ మార్చారు, మదర్‌బోర్డు మార్చారు, ఆఖరికి ఎస్‌ఎంపీఎస్ అన్నారు. మంచి బోర్డు ఆయన దగ్గరే ఉండిపోయింది.

స్క్రూడ్రైవర్: అంటే ఎస్‌ఎంపీఎస్సే కదా! నేనూ అదే చెప్తున్నా.

నిదానం: ఏ పార్టు పోయిందన్నది కాదండీ నా బాధ. ఊహ తప్పితే డబ్బు ఎవరు పెట్టాలి? ప్రతిసారీ మేమే.

స్క్రూడ్రైవర్: గంటసేపు కొలిచి "మీ ఎస్‌ఎంపీఎస్ బాగానే ఉంది" అంటే ఎవరైనా పైసా ఇచ్చారా? పార్టు మారిస్తేనే ఇస్తారు. మీరు అలవాటు చేసిందే ఇది.

నిదానం: పరీక్షకు ఇంత అని ముందే చెప్పండి, ఇస్తాం. ఎవరూ చెప్పరు.

రాత్రిపక్షి: గొడవ తర్వాత. పాతపెట్టె గారూ, రాత్రి గోడ స్విచ్ ఆపేస్తారా?

పాతపెట్టె: అవునండీ, రోజూ.

రాత్రిపక్షి: ఒక రాత్రి ఆపకుండా వదిలి చూడండి. స్టాండ్‌బై కరెంటు (సిస్టమ్ ఆపినా గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపు వచ్చేది) ఉంటే బ్యాటరీ అయిపోయినా తేదీ నిలుస్తుంది. పొద్దున ఒక్క నొక్కుకు లేస్తే ఎస్‌ఎంపీఎస్‌లో స్టాండ్‌బై భాగం మీద అనుమానం పెరుగుతుంది. దాన్ని మాత్రం విప్పకండి. ప్లగ్ తీసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా మిగిలి ఉండొచ్చు.

పాతపెట్టె: వదిలి చూశాను. ఒక్క నొక్కుకే లేచింది, తేదీ కూడా సరిగ్గా ఉంది. తెలిసినవాళ్ల ఎస్‌ఎంపీఎస్ ఒకరోజుకు అడిగాను. ఈలోగా ఫైళ్లు కాపీ చేసుకుంటున్నా.

గుండుసూది: చూశారా, తేదీ సంగతి నేను ముందే చెప్పాను.

స్క్రూడ్రైవర్: అరువు తెచ్చేదాంట్లో ప్రాసెసర్ పక్కన గుచ్చే కనెక్టర్ మీ బోర్డుకు సరిపోతుందో లేదో చూసుకోండి. కొన్నిటికి 4 పిన్నులు, కొన్నిటికి 8.