ఫలితాల తేదీ చివరి రోజుకు జరిగితే అనుమానించాలా?

చందానగర్ మదుపరి:
నా దగ్గర ఒక చిన్న రసాయనాల కంపెనీ వాటాలు 400 ఉన్నాయి. ఏటా జూన్ త్రైమాసిక ఫలితాలు జూలై 25 ప్రాంతంలో ఇచ్చేవారు. 2025లో ఆగస్టు 14కు జరిపారు, అదీ రాత్రి పదకొండు గంటలకు. మర్నాడు శుక్రవారం పంద్రాగస్టు, ఆపైన శని, ఆదివారాలు. నష్టం సంగతి తెలిసీ సోమవారం దాకా అమ్మడానికి లేదు. నియమం తప్పలేదు కదా అంటాడు మా తమ్ముడు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

పాత చిట్టా:
తప్పలేదు, నిజమే. త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లో ఇవ్వాలన్నది స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన గడువు; జూన్ లెక్కలకు అది సరిగ్గా ఆగస్టు 14. వార్షిక లెక్కలకు 60 రోజులు, అంటే మే 30. నేను గడువును కాదు, అలవాటు మారడాన్ని చూస్తాను. ఎప్పుడూ చివరి రోజే ఇచ్చేవాళ్లు ఈసారీ అలాగే ఇస్తే పట్టించుకోను. మీ కంపెనీ అలా కాదు.

కృష్ణలంక గుమాస్తా:
తేదీ కంటే ముందు జరిగే పని చెబుతాను. పురుగుమందుల పంపిణీదారు దగ్గర లెక్కలు రాసేవాణ్ణి. పొలాలు ఖాళీ అయ్యే మార్చి చివర్లో, మేము అడగని సరుకుతో కంపెనీ లారీలు వచ్చేవి. ఏప్రిల్‌లో వెనక్కి పంపండి, క్రెడిట్ నోటు (ఆ బిల్లు మొత్తం మా బాకీలోంచి తగ్గించే కాగితం) ఇస్తామని వాళ్ల సేల్స్ మేనేజరే ఫోను చేసేవాడు. ఒక ఏడాది లారీ కూడా రాలేదు, మార్చి 31 తేదీతో బిల్లు మాత్రం వచ్చింది. ఆ మే నెలలో పేపర్లో వాళ్ల రికార్డు అమ్మకాల వార్త చదివి, మా యజమాని ఏమీ అనకుండా టీ తెప్పించాడు.

పాత చిట్టా:
అందుకే అమ్మకాల పక్కనే రావలసిన బాకీలు చూడమంటాను. అమ్మకాల కంటే బాకీలు వేగంగా పెరిగితే ఆ సరుకు ఎక్కడుందో ఊహించవచ్చు.

మాదాపూర్ పాత కాపు:
ఆలస్యం ఒక్కటే గుర్తనుకుంటే దెబ్బ తింటారు. సత్యం కంప్యూటర్స్ 2008 సెప్టెంబర్ త్రైమాసిక ఫలితాలు అక్టోబర్‌లోనే వచ్చేశాయి: ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 24 శాతం. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరంలో ఒప్పుకున్నది 2,112 కోట్లు, 3 శాతం. పుస్తకాల్లో 5,361 కోట్లుగా ఉన్న నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవు. దొంగ లెక్క వేళకు వచ్చింది!

ఆర్టికల్స్ రెండో ఏడు:
ఆడిటర్ దగ్గర సీఏ శిక్షణలో ఉన్నాను. త్రైమాసిక లెక్కలకు పూర్తి ఆడిట్ ఉండదండీ, పరిమిత సమీక్షే. గిడ్డంగికి వెళ్లి డబ్బాలు లెక్కపెట్టం; ప్రశ్నలు అడుగుతాం, అంకెల పొంతన చూస్తాం. ఇంకొక మాట. ఒక కంపెనీలో పాత సరుకు విలువ తగ్గించనిదే సంతకం పెట్టనని మా సారు పట్టుబట్టారు. ఫలితాలు చివరి రోజుకు పోయాయి. బయట మదుపరులు కంపెనీని తిట్టుకున్నారు గానీ, ఆ ఆలస్యమే వాళ్లకు మేలు చేసింది.

చందానగర్ మదుపరి:
అయితే మా కంపెనీలో పట్టుబట్టింది ఎవరో! అసలు డబ్బు ఎంత వచ్చిందో, ఎంత పోయిందో చూపే నగదు ప్రవాహ పట్టిక ఆరు నెలలకు ఒకసారి ఇవ్వాలి కాబట్టి సెప్టెంబర్ లెక్కల్లో ఉంటుంది. బాకీలతో పాటు అదీ చూసి, అమ్మాలో వద్దో తేల్చుకుంటాను. గడువు నవంబర్ 14. ఈరోజు 6. ఫలితాలను ఆమోదించే బోర్డు సమావేశం తేదీ ఇంకా ప్రకటించలేదు.