సమస్యాపూరణం: "నీటిలోని చేప నీరు వెదకె"

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్కారం. ఈసారి ఇచ్చిన సమస్య ఆటవెలదిలో నాలుగవ పాదం; పై మూడు పాదాలు మీరు అల్లాలి. వేసవి సెలవులలో కుటుంబమంతా కలిసి చిన్న పడవలో సరస్సు మీదికి ట్రౌటు చేపల వేటకు వెళ్ళిన సందర్భాన్ని విడిచిపెట్టకుండా పూరించవలసిందిగా మనవి. నీటిలోనే ఉన్న చేప నీటి కోసం వెదకడమేమిటన్న విరోధం పరిహారం కావాలి. ఆ పరిహారం మాటల గారడీతో కాక, చేప నడవడిని ఎరిగి చేసినదైతే మరింత సంతోషిస్తాను.

మొదటి పూరణ:

వేసవిఁ గడు సరసు వేడెక్కె పైపైన;
చల్లదనముఁ గోరి జారి యడుగు
పొరలఁ జొచ్చు ట్రౌటు పుష్టి నిల్పుకొనఁగ;
నీటిలోని చేప నీరు వెదకె!

నిర్వాహకుడు: ఆర్యా, మీ పూరణ ప్రశస్తంగా ఉంది, అభినందనలు. ట్రౌటు చల్లని నీటి చేప. సుమారు 10 నుండి 16 డిగ్రీల సెల్సియస్ నీటిలో హాయిగా తిరుగుతుంది, 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది. అందువల్ల తానున్న నీటిని వదిలి తనకు తగిన నీటిని వెదకడం దానికి వేసవిలో నిత్యకృత్యమే. సమస్యలోని విరోధం ఇక్కడ అలంకారంగా కాక యథార్థంగా పరిహారమైంది. మొదటి పాదంలో "కడు" అన్నది "వేడెక్కె"కు కొంత దూరమైనా అన్వయానికి లోటు లేదు.

ఒక సభ్యురాలు: అయ్యా, పద్యం నాకూ నచ్చింది కాని "అడుగు పొరలఁ జొచ్చు" అన్న చోట నాకొక సందేహం ఉన్నది. వేసవిలో సరస్సు పైన వేడి నీరు, అడుగున బరువైన చల్లని నీరు, ఈ రెంటి నడుమ వేడిమి చప్పున తగ్గిపోయే ఒక పొర, ఇలా మూడుగా విడివడి ఉంటుంది. పైనీరు అడుగు నీటితో కలియదు కనుక, అడుగున కుళ్ళే ఆకులూ నాచూ అక్కడి ప్రాణవాయువును వాడుకుంటూ పోతే, దానిని తిరిగి నింపే దారి ఉండదు. చాలా లోతుగా, తేటగా ఉండే సరస్సులలో అడుగున కూడా ప్రాణవాయువు నిలిచి ఉంటుంది కాని, తక్కిన వాటిలో నడివేసవికి అది సన్నగిల్లుతుంది. అక్కడ ట్రౌటు అడుగుకు పోదు; చల్లదనమూ ఊపిరీ రెండూ దొరికే నడిమి పొరలో నిలుస్తుంది. గాలాన్ని అడుగుదాకా దించి రోజంతా కూర్చున్నవారికి ఏమీ దక్కకపోవడానికి తరచుగా ఇదే కారణం.

మొదటి పూరణకర్త: అమ్మా, మీ సూచన శిరోధార్యం. రెండవ పాదాన్ని ఇలా మార్చుకుంటున్నాను: "చల్లదనముఁ గోరి జారి నడిమి".

నిర్వాహకుడు: "అడుగు", "నడిమి" రెండూ నగణాలే (మూడు లఘువుల గణాలే) కనుక ఛందస్సు చెక్కుచెదరలేదు, భావమేమో నిజానికి మరింత దగ్గరైంది. ఇటువంటి సవరణ చూసినప్పుడు మనసు నిండుతుంది.

రెండవ పూరణ:

ట్రౌటు పట్ట మేము తోవఁ బట్టి చనఁగ,
దండ్రి తెడ్డు వేయఁ, దల్లి చూడ,
తొట్టిలోన నుంచఁ దొరకిన దానిని
నీటిలోని చేప నీరు వెదకె!

నిర్వాహకుడు: మంచి ఊహ. పట్టిన చేపను తొట్టిలో ఉంచితే, ఎండకు ఆ కాసిని నీళ్ళు త్వరగా వేడెక్కుతాయి. 10 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలిగితే 20 డిగ్రీల వద్ద అది సుమారు 9కి దిగుతుంది. అదే సమయంలో చేపకు కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది. మొప్పలు వడివడిగా ఆడిస్తూ తొట్టి అంచుల వెంట తిరిగే ఆ చేప నిజంగానే నీటిని వెదకుతున్నది. అయితే మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక అక్షరంతో కుదరవలసిన మైత్రి) తప్పింది. "ట్రౌ"కు "తో"తో మైత్రి లేదు. హల్లులలో ఒకటి ట వర్గం, మరొకటి త వర్గం. అచ్చులలో ఔకారానికి అ, ఆ, ఐలతోనే పొత్తు కుదురుతుంది. "ట్రౌ" అన్న సంయుక్తంలోని రేఫను (రకారాన్ని) ఆధారం చేసుకుని "ట్రౌటు పట్ట మేము రాఁగ సరసునకు" అంటే సరిపోతుంది.

మరొక సభ్యుడు: నాదొక చిన్న విన్నపం. రెండవ పాదంలో తల్లికి చూడడం తప్ప పని లేకపోయింది. చిన్న పడవలో అందరికీ పని ఉంటుంది. గాలానికి తగిలిన ట్రౌటు పడవ దగ్గరకు రాగానే ఒక్కసారిగా పడవ కిందికి దూరుతుంది, దారం అంచుకు ఒరుసుకుంటుంది. అప్పుడు తెడ్డు వేసేవారు కూర్చున్న చోటు కదలకుండా ఒక్క తెడ్డుతోనే పడవను తిప్పి, దారం బయటి వైపు ఉండేలా చూడాలి. వారు తటాలున లేచి నిలబడితే పడవ ఒరుగుతుంది. పిల్లలకు లైఫ్ జాకెట్ తొడిగి ఉంచడం ఇందుకే. కాబట్టి "దల్లి లాగ" అంటే ఇద్దరి పనీ ఒక్క పాదంలో ఇమిడిపోతుంది.

నిర్వాహకుడు: చక్కని సవరణ. "చూడ", "లాగ" రెండూ గలములే (గురువు, లఘువు).

మూడవ పూరణ (క్రమాలంకారంలో, అనగా పై ప్రశ్నలకు చివరి పాదంలో వరుసగా జవాబులు):

గాలమెత్తి తండ్రి కాంచిన దేదియో?
దప్పిగొన్న పాప తడయ కేమి
చేసెఁ బడవలోనఁ? జెప్పుఁడీ బుధులార!
నీటిలోని చేప, నీరు వెదకె.

నిర్వాహకుడు: ప్రశ్నోత్తరాల కూర్పు ముచ్చటగా ఉంది. కాని గాలమెత్తిన పిదప కనబడే చేప నీటిలోని చేప ఎలా అవుతుంది? "గాలమూని తండ్రి" అనండి. ఇక క్రమాలంకారం సమస్యను విడదీస్తుందే కాని విప్పదు; అందుచేత దీనిని మొదటి పూరణ సరసన నిలపలేను.

నాల్గవ పూరణ:

కొండవాగు చేరు కూడలిఁ గనుఁగొంటి
మనుమరాలు చూప మంద నొకటి;
సరసు గాఁగి యుండఁ జల్లని ధారకై
నీటిలోని చేప నీరు వెదకె!

నిర్వాహకుడు: అమ్మా, ఈ పూరణ నాకు అన్నిటికన్న నచ్చింది. కొండవాగు నీరు సరస్సు నీటికన్న చల్లనిది, రాళ్ళ మీద చిలుకుతూ వస్తుంది కనుక ప్రాణవాయువు కూడా సమృద్ధిగా ఉంటుంది. ఎండలు ముదిరినప్పుడు ట్రౌట్లు అటువంటి కూడలికి చేరి, తలలు ధార వైపు పెట్టి, కొట్టుకువచ్చే పురుగుల కోసం కాచుకుని ఉంటాయి. లోతు తక్కువ కనుక చిన్నపిల్ల కంటికి కూడా అవి ఆనతాయి. స-చ యతి నిర్దుష్టం.

మొదటి పూరణకర్త: నమస్కారం. మీ పద్యంలో చేపను చూశారే కాని పట్టలేదు. వేట సందర్భం కదా, ఒక గాలమైనా కనబడవద్దా?

నాల్గవ పూరణకర్త: నమస్కారమండీ. కావాలనే విడిచిపెట్టాను. వేడికి తాళలేక ఒక్క చోట గుమిగూడిన చేపలను పట్టడం సులువే కాని, అప్పటికే అలసి ఉన్నవాటిని పట్టి, తడి చేతులతోనే వెనుకముల్లు లేని గాలం నుండి విడిపించి వదిలినా, అవి తేరుకోవడం కష్టం. తెల్లవారుజామున, నీరు ఇంకా చల్లగా ఉన్నప్పుడు, మేము తినడానికి కావలసినంత పట్టుకున్నాము. ఎండెక్కాక ఆ కూడలి దగ్గర పడవ ఆపినది పిల్లకు చూపించడానికే.

నిర్వాహకుడు: అలాగైతే "గనుఁగొంటి" అన్న క్రియను ఉన్నది ఉన్నట్టుగానే ఉంచండి, గాలం కోసం ఏ పాదాన్నీ మార్చనవసరం లేదు.