జనరేటర్ ట్రాలీని పికప్‌తో అరకు ఘాట్ మీదుగా తీసుకువెళ్లవచ్చా?

గాజువాక సప్లయర్:

అందరికీ నమస్కారం. గాజువాకలో టెంట్లు, లైటింగు, జనరేటర్లు అద్దెకిచ్చే వ్యాపారం నాది. 1.7 టన్నుల పేలోడ్ (మోయగల బరువు) ఉన్న పికప్ ఒకటి, 62.5 కేవీఏ సైలెంట్ జనరేటర్ బిగించిన రెండు చక్రాల ట్రాలీ ఒకటి ఉన్నాయి. ఇంతవరకు ఆ ట్రాలీని నగరంలోని కల్యాణ మండపాలకు నెమ్మదిగా తీసుకువెళ్లడమే తప్ప ఊరు దాటించలేదు. ఇప్పుడు అరకు లోయలో జరగబోయే ఒక పెళ్లికి జనరేటర్ కావాలని పార్టీ వారు అడుగుతున్నారు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా వెళ్లి, అనంతగిరి ఘాట్ ఎక్కి, మళ్లీ అదే దారిలో దిగి రావాలి.

కాటా వేయిస్తే జనరేటర్‌తో కలిపి ట్రాలీ 1,900 కేజీలు తూగింది. దానికి బ్రేకులు లేవు. పికప్ ఖాళీ బరువు 1,750 కేజీలు. డ్రైవరు, ఇద్దరు పనివారు, కేబుళ్లు, డీజిల్ క్యాన్లు కలిపితే దాదాపు 2,200 కేజీలవుతుంది. వాహనంతో వచ్చిన మాన్యువల్‌లో ఎంత బరువు మోయవచ్చో రాశారు గాని, ఎంత బరువు లాగవచ్చో ఎక్కడా లేదు. మా డ్రైవరు ఇంజనుకు సత్తువ ఉందని, ఫస్టు, సెకండు గేర్లలో ఎక్కేస్తుందని అంటున్నాడు. మా బావమరిది అమెరికాలో పికప్‌లు ఐదు టన్నుల ట్రైలర్లను లాగే వీడియోలు చూపించి, రెండు టన్నులకే ఆలోచించడం ఎందుకంటున్నాడు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. మా వాళ్లు ముగ్గురు ఆ బండిలో ఉంటారు, దారి పొడవునా పర్యాటకుల కార్లూ బస్సులూ ఉంటాయి. తెలిసినవారు వివరంగా చెప్పగలరని ప్రార్థన.

మద్దిలపాలెం మాస్టారు:

గాజువాక సప్లయర్ గారికి నమస్కారం. ఆటోమొబైల్ ఇంజనీరింగు పాఠం చెప్పిన వాడిని కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి. ముందుగా జవాబు: ఇప్పుడున్న స్థితిలో ఆ ట్రాలీని ఘాట్ ఎక్కించవద్దు. మీరు కాటా వేయించిన తరువాతే ప్రశ్న అడిగారు, అది చాలా మంచి పని. ఇటువంటి విషయంలో చాలామంది బరువును కంటిచూపుతోనే అంచనా వేస్తారు.

మీ డ్రైవరు చెప్పినది అబద్ధం కాదు, బండి ఎక్కుతుంది. కాని లాగగలగడం వేరు, ఆపగలగడం వేరు. పికప్, ట్రాలీ కలిపి 4,100 కేజీలు. అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. తిరుగు ప్రయాణంలో దిగే ఎత్తు 800 మీటర్లేనని తీసుకున్నా, ఆ దిగుడులో వదిలించుకోవలసిన శక్తి 32 మెగాజౌల్స్ దాకా వస్తుంది. అంతే బరువును గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆపడానికి 0.57 మెగాజౌల్ చాలు. అంటే ఘాట్ దిగడమంటే అరవై కిలోమీటర్ల వేగం నుంచి యాభైకి పైగా సార్లు, బ్రేకులు చల్లారే వ్యవధి సరిగ్గా లేకుండా ఆపినంత పని. అందులో ఇంజను, టైర్లు, గాలి కొంత భాగం తీసుకుంటాయి. మిగిలినదంతా పికప్ నాలుగు చక్రాల బ్రేకుల్లో వేడిగా మారవలసిందే, ఎందుకంటే ట్రాలీకి బ్రేకులు లేవు. పికప్ బ్రేకులను తయారుచేసినవారు ఆ పికప్ పూర్తి లోడు బరువును దృష్టిలో పెట్టుకుని చేశారు. వెనుక నుంచి నెట్టే మరో 1,900 కేజీలు వారి లెక్కలో లేవు.

వేడి ఒక్కటే అయితే ఆగి ఆగి దిగవచ్చునని ఎవరైనా అనవచ్చు. అంతకంటె ప్రమాదకరమైనది మలుపులో జరిగేది. వంపు తిరుగుతూ బ్రేకు వేసినప్పుడు పికప్ ఒక దిశలో నెమ్మదిస్తుంది, ట్రాలీ మాత్రం తాను వస్తున్న దిశలోనే ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడు హుక్కు దగ్గర, అంటే వెనుక ఇరుసుకు కూడా వెనుక, పక్కకు పనిచేసి పికప్ వెనుక భాగాన్ని తిప్పివేస్తుంది. తడి రోడ్డు మీద ఇది రెప్పపాటులో జరుగుతుంది. ఐరోపా దేశాల్లో బ్రేకులు లేని ట్రైలర్ బరువు 750 కేజీలు దాటకూడదని నిబంధన పెట్టారు. మీ ట్రాలీ దానికి రెండున్నర రెట్లు ఉంది.

మీ బావమరిది గారు చూపిన వీడియోల గురించి ఒక మాట. ఆ ట్రైలర్లకు సొంత బ్రేకులుంటాయి. సాధారణంగా అవి విద్యుత్ బ్రేకులు, డ్రైవరు దగ్గర వాటిని నియంత్రించే పరికరం వేరుగా ఉంటుంది. ఆ పికప్‌ల ఛాసిస్ (అడుగు చట్రం), హిచ్ (ట్రైలర్ తగిలించే హుక్కు), రేడియేటర్ లాగుడు పనికి లెక్కగట్టి తయారుచేసినవి. వాహనం, ట్రైలర్ కలిసి ఎంత బరువు దాటకూడదో తయారీదారు ఒక అంకె ఇస్తాడు. మీ మాన్యువల్‌లో ఆ అంకె లేదంటే ఎంతైనా లాగవచ్చని కాదు, తయారీదారు ఆ పనికి హామీ ఇవ్వలేదని అర్థం చేసుకోవాలి. కంపెనీ సర్వీసు విభాగాన్ని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ఇక రెండో సంగతి హుక్కు మీద పడే బరువు. ఎడ్లబండి తోలినవారికి ఇది కొత్త కాదు: బరువు వెనక్కి మొగ్గితే కాడి పైకి లేస్తుంది, మరీ ముందుకు మొగ్గితే ఎడ్ల మెడల మీద పడుతుంది. రెండు చక్రాల ట్రైలర్‌కు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద ఉండాలన్నది అమెరికాలో పాటించే సూత్రం. మీ ట్రాలీకి 10 శాతమంటే 190 కేజీలు. పికప్ వీల్‌బేస్, అంటే ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం, 3 మీటర్లు, హుక్కు వెనుక ఇరుసుకు 1.2 మీటర్ల వెనుక ఉందనుకుంటే, ఆ 190 కేజీలు వెనుక ఇరుసు మీద 266 కేజీలుగా పడతాయి, ముందు ఇరుసు మీద 76 కేజీలు తగ్గుతాయి. స్టీరింగు తేలికగా అనిపిస్తుంది, ముందు బ్రేకుల పట్టు తగ్గుతుంది. పోనీ హుక్కు మీద బరువే లేకుండా చేద్దామంటే ట్రాలీ ఊగడం మొదలవుతుంది, అది ఇంకా చెడ్డది. ఈ బరువంతా పికప్ పేలోడ్‌లో భాగమేనని మరువకండి.

ఆటోనగర్ మెకానిక్:

మాస్టారు చెప్పినదానికి వర్క్‌షాపు వైపు నుంచి కొన్ని మాటలు కలుపుతాను. సప్లయర్ గారూ, మీ ట్రాలీ ఏ పనికి తయారైందో ముందు చూడండి. మన దగ్గర జనరేటర్ ట్రాలీలు చాలావరకు సైటులో ఒక మూల నుంచి మరో మూలకు, లేదా నగరంలో నాలుగు వీధులు దాటించడానికి చేసినవి. వాటి హబ్ (చక్రం మధ్య భాగం) బేరింగులు, టైర్లు, స్ప్రింగు పట్టీలు గంటకు ఇరవై కిలోమీటర్ల వేగానికి సరిపోతాయి. అదే ట్రాలీని హైవే మీద యాభైలో వంద కిలోమీటర్లకు పైగా నడిపిస్తే బేరింగులో గ్రీజు కరిగి కారిపోతుంది, తరువాత చక్రమే ఊడిపోవచ్చు. బయలుదేరిన కొద్ది దూరంలో ఒకసారి ఆగి, హబ్ దగ్గరగా చెయ్యి పెట్టి చూడాలి. ఒక వైపు మాత్రమే వేడెక్కితే అక్కడ బేరింగు బిగిసిందనో, గ్రీజు లేదనో గ్రహించాలి.

హుక్కు విషయంలో నాకు ఎక్కువ ఆందోళన కలుగుతుంది. పికప్ వెనుక బంపరుకు యాంగిల్ ముక్క వెల్డింగు చేసి, దానికి పిన్ను వేసి లాగుతున్నవారు చాలామంది ఉన్నారు. బంపరు బరువు లాగే భాగం కాదు. హుక్కు ఛాసిస్ పట్టీలకు రెండు వైపులా ప్లేట్లు పెట్టి, హై టెన్సైల్ (ఎక్కువ లాగుడును తట్టుకునే) బోల్టులతో బిగించినదై ఉండాలి. పిన్నుకు లాక్ క్లిప్ తప్పనిసరి. సాధారణ పిన్ను, రింగు మధ్య సందు ఎక్కువగా ఉంటే ప్రతి బ్రేకుకూ ట్రాలీ సుత్తి దెబ్బ కొట్టినట్టు తగులుతుంది, వెల్డింగులో సన్నని పగుళ్లు అక్కడే పుడతాయి. సముద్రపు గాలికి మన ఊళ్లో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి రంగు కింద పగులు కనిపించదు. వైరు బ్రష్షుతో గీకించి చూడాలి. హుక్కు ఊడినా ట్రాలీ రోడ్డు మీద వదిలిపోకుండా రెండు గొలుసులు వేయాలి. వాటిని ట్రాలీ ముందు కాడ (హుక్కుకు తగిలే కడ్డీ) కింద అడ్డంగా, ఒకదానిమీద ఒకటి పడేలా కత్తెర వేసి కట్టాలి. అప్పుడు కాడ నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద ఆగుతుంది.

బ్రేకు ఆయిల్ కూడా మార్పించండి. అది గాలిలోని తేమను పీలుస్తుంది, విశాఖ వంటి తేమ ఎక్కువగా ఉండే ఊళ్లో ఆ సంగతి పట్టించుకోవాలి. డాట్ 3 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ చేరిన తరువాత ఆ ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. ఘాట్ దిగేటప్పుడు ఆయిల్ మరిగితే పైపుల్లో ఆవిరి చేరి పెడల్ నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు.

గాజువాక సప్లయర్:

మాస్టారు గారికి, మెకానిక్ గారికి కృతజ్ఞతలు. హుక్కు చూశాను, అది ఛాసిస్‌కే బిగించి ఉంది గాని గొలుసులు లేవు. ట్రాలీకి బ్రేకులు పెట్టిస్తే పరిస్థితి మారుతుందా? ట్రాలీ ఊగడం మొదలైతే డ్రైవరు ఏం చేయాలో కూడా చెప్పండి. అరకు సంగతి ఎలా ఉన్నా, నగరంలో దీనిని లాగక తప్పదు.

ఎస్.కోట డ్రైవర్:

నమస్కారం అండి. నేను ఈ ఘాట్ మీద సరుకు వాహనం నడుపుతాను. తైడా దాటిన తరువాత మలుపులు ఎలా ఉంటాయో మీ డ్రైవరు కారులో వెళ్లి చూసి ఉండవచ్చు, ట్రాలీతో వెళితే అది వేరే రోడ్డులా ఉంటుంది. ట్రాలీ చక్రాలు పికప్ చక్రాల దారిలో రావు, మలుపు లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. కాబట్టి ముందు బండిని వెలుపలి వైపుకు బాగా తీసుకుని తిప్పాలి. అప్పుడు ఎదురుగా బస్సు వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి వెళ్లక తప్పదు. రెండు చక్రాల ట్రాలీతో ఘాట్ మలుపులో వెనక్కి నడపడం ఎంతో నేర్పున్న డ్రైవరుకూ కష్టమే. ఎక్కుడులో ఆగి మళ్లీ కదిలించేటప్పుడు క్లచ్చు కాలుతుంది, రెండు మూడు సార్లు అలా జరిగితే ప్లేటు పోతుంది. చక్రాల వెనుక పెట్టడానికి చెక్క దిమ్మలు పట్టుకుని ఒక మనిషి దిగి సిద్ధంగా ఉండాలి. చలికాలంలో తెల్లవారుజామున అనంతగిరి దగ్గర మంచు కమ్ముకుంటే ముందున్న వాహనం వెనుక లైట్లు తప్ప ఏమీ కనిపించవు.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలని మా పెద్దలు చెప్పేవారు. దిగుడు మొదలు కాకముందే ఆ గేరు వేసుకోవాలి, మధ్యలో వేగం పెరిగిన తరువాత కింది గేరు పడదు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, వేగం పెరిగినప్పుడు గట్టిగా ఒకసారి తొక్కి తగ్గించి, మళ్లీ వదలాలి. డీజిల్ ఆదా కోసం న్యూట్రల్‌లో దించేవారిని నేను ఎన్నోసార్లు చూశాను, దయచేసి మీ డ్రైవరును ఆ పని చేయనీయకండి. ఇంజను కూడా ఆపితే బ్రేకుకు బలమిచ్చే బూస్టరు, పవర్ స్టీరింగు రెండూ పోతాయి.

ఇవన్నీ పాటించినా బ్రేకులు లేని రెండు టన్నుల ట్రాలీతో నేనైతే వెళ్లను. మీకు నా సలహా ఒకటే: క్రేనుతో జనరేటర్‌ను ట్రాలీ నుంచి విప్పి, ఆ బరువుకు తగిన లారీలోకి ఎక్కించి పంపండి. లారీ అద్దె, రెండు చోట్లా క్రేను ఖర్చు పార్టీ వారికి ముందే చెప్పి బిల్లులో కలపండి. పెళ్లివారు ఒప్పుకోకపోతే ఆ పని వదులుకోవడమే మంచిది.

పెందుర్తి రవాణా:

కాగితాల గురించి ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ నిబంధనలు ట్రైలర్లకూ వర్తిస్తాయి. మీ ట్రాలీకి సొంత ఆర్సీ ఉందా, అందులో రాసిన మొత్తం బరువు ఎంత అన్నది చూడండి. ఆ బరువు దాటితే 2019 సవరణ తరువాత 194వ సెక్షన్ కింద జరిమానా 20,000 రూపాయలు, అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ మరో 2,000 రూపాయలు, పైగా అదనపు లోడు దింపించే ఖర్చు మీదే. ట్రాలీ పేరు ఇన్సూరెన్సు పాలసీలో ఉందో లేదో ఈ రోజే అడగండి. ట్రాలీ వల్ల ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు మొదట తెరిచి చూసే కాగితం అదే.

మద్దిలపాలెం మాస్టారు:

సప్లయర్ గారి రెండు ప్రశ్నలకు జవాబు. బ్రేకులు పెట్టిస్తే పరిస్థితి చాలా మారుతుంది. మీ వంటి ట్రాలీకి ఓవర్‌రన్ బ్రేకు సరిపోతుంది: పికప్ నెమ్మదించినప్పుడు ట్రాలీ ముందుకు నెట్టే ఒత్తిడే కప్లింగ్‌లోని కడ్డీని వెనక్కి జరిపి ట్రాలీ చక్రాల బ్రేకులను పనిచేయిస్తుంది, పికప్‌లో అదనపు వైరింగు అక్కరలేదు. అయితే ఇప్పుడున్న ఇరుసుకు బ్రేకు డ్రమ్ములు అతికించే ప్రయత్నం చేయకండి. బ్రేకులతో వచ్చే ఇరుసు, కప్లింగ్ ఒక జతగా, 1,900 కేజీలకు పైబడిన సామర్థ్యంతో కొనాలి. ట్రాలీ విడిపోతే దానంతట అదే బ్రేకు పడేలా ఒక తీగను పికప్‌కు తగిలించే ఏర్పాటు కూడా అందులో ఉండాలి. అప్పటికీ దానిని నగరం వరకే ఉంచండి. తయారీదారు అనుమతి లేనిదే ఘాట్‌కు వద్దు.

ట్రాలీ ఊగితే యాక్సిలరేటరు నుంచి కాలు తీసివేయాలి, స్టీరింగును తిన్నగా గట్టిగా పట్టుకోవాలి, పికప్ బ్రేకును ఒక్కసారిగా తొక్కకూడదు. ఊగుడుకు ఎదురుగా స్టీరింగు తిప్పబోతే అది ఇంకా పెరుగుతుంది. వేగం పెంచి తిన్నగా చేయవచ్చునన్న మాట విని ఉంటారు, అది నమ్మవద్దు. వేగం తగ్గిన కొద్దీ ఊగుడు దానంతట అదే ఆగుతుంది. ఆగిన తరువాత పక్కకు తీసి కారణం వెతకాలి. సాధారణంగా అది హుక్కు మీద బరువు చాలకపోవడమో, ఒక టైరులో గాలి తగ్గడమో అయి ఉంటుంది.

హుక్కు మీద బరువు తెలుసుకోవడానికి ట్రాలీని సమతలంగా నిలిపి, చక్రాలను కాటా బయట ఉంచి, ముందు కాడను హుక్కు తగిలే చోట మాత్రమే కాటా మీద ఆనించి తూచండి. 190 కేజీల కంటె బాగా తక్కువ వస్తే జనరేటర్ బేస్ బోల్టులు విప్పి, మొత్తాన్ని కొంత ముందుకు జరిపి కొత్త రంధ్రాలు వేయించాలి. డీజిల్ ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి తూచండి, రెండింటికీ తేడా వస్తుంది.